ఎదుటి కుర్చీ

నవంబర్ 2

చెప్పులు విప్పకముందే "సార్, మీ మీద నాటకం రాసిన" అంది ఆ అమ్మాయి. పేరు సింధూజ. ఇక్కడ సిద్దిపేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తుందట, సెలవుల్లో నాటకాలు వేయిస్తుందట. బతికున్న మనిషి మీద నాటకమేందమ్మా, ఫొటోకు దండ వేసినాక రాయకపోయినవా అన్నాను. నవ్వలేదు. ఈ కాలం పిల్లలకు నా హాస్యం అందదు.

నా ఒక్కడి మీద కాదట. నా మీద, రాజనర్సు మీద. రిజర్వాయరు కట్టాలా వద్దా అని అప్పట్లో టీవీలో మేమిద్దరం సాయంత్రం పూట అరుచుకున్న అరుపులన్నీ యూట్యూబులో ఏరుకొచ్చి నాటకంగా కుట్టింది. కట్టాలి అన్నవాణ్ణి నేను, ఎకనామిక్స్ లెక్చరర్ ఇశ్రాయేలును. వద్దు అన్నవాడు హుస్నాబాద్ తెలుగు లెక్చరర్ రాజనర్సు. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం, రిజర్వాయరు నిండింది, ఆ గొడవ ఎవరికీ పట్టదు. నాటకం పేరు 'బ్రేక్ తర్వాత'.

రిహార్సల్‌కు వచ్చి తప్పులు దిద్దమని అడిగింది. తీరిక లేదని చెప్పాను. ఆమె వెళ్లాక గ్యాస్ పొయ్యి తుడిచాను. ఆ తర్వాత చేయడానికి ఏమీ కనబడలేదు. ఆమె వదిలిపోయిన స్క్రిప్టు చదివాను. రాజనర్సుకు నాకంటే ఎక్కువ మాటలున్నాయి. టీవీలో కూడా అంతే, యాంకర్లందరికీ ఆయనంటే ముద్దు.

నవంబర్ 4

వెళ్లాను. ఊరికే చూసి వద్దామని.

నా వేషం మొబైల్ షాపు నడిపే నాగేశ్‌ది. మాటమాటకూ కళ్లజోడు తీసి, దాంతో ఎదుటివాణ్ణి పొడవబోతున్నట్టు ఆడిస్తున్నాడు. "నేనెప్పుడు గట్ల చేసిన?" అని గట్టిగానే అడిగాను. జవాబు చెప్పకుండా ఫోన్ తీసి వీడియో పెట్టాడు. చేశాను. ప్రతి వాక్యానికీ చేశాను. అన్నేళ్లలో ఒక్కడైనా నాకు చెప్పి ఉండాల్సింది.

రాజనర్సు వేషానికి మనిషి లేడు. వేయాల్సినవాడు భివండిలో పని దొరికి అక్కడికి వెళ్లిపోయాడు. "సార్, నాగేశ్‌కు అందిస్తున్నట్టు గా డైలాగులు జర మీరు చదువున్రి" అంది సింధూజ. ఖాళీ కుర్చీలో కూర్చుని చదివాను. కాసేపటికి గదిలో అందరూ మాటలు ఆపేశారు. ఏమైందని చూసుకుంటే స్క్రిప్టు నా ఒళ్లో మూసే ఉంది.

"సార్, మీరే వెయ్యున్రి."

కుదరదన్నాను. ఆ మనిషి మాట తప్పని చెప్పడానికే నాకు ఇన్నేళ్లు పట్టాయి, ఇప్పుడు ఎదుటి కుర్చీలో కూర్చుని ఆ మాటే నేను చెప్పాలా? చచ్చినా కుదరదని లేచి వచ్చేశాను.

నవంబర్ 5

ఒప్పుకున్నాను. మనిషి దొరక్క ఆ అమ్మాయి ఇబ్బంది పడుతోంది కదా అని.

నవంబర్ 8

కరుణ ఫోన్ చేసింది. మా అమ్మాయి షారోన్‌కు కాన్పయినప్పటి నుంచి మా ఆవిడ కరీంనగర్‌లో దాని దగ్గరే ఉంది. "పిలగాడు బోర్ల పడుతుండు, వచ్చి చూడరాదు?" అంది. నాటకం సంగతి చెప్పాను. రాజనర్సు వేషం అనగానే పడీపడీ నవ్వింది.

"ఇంట్ల పొద్దున లేస్తె ఆయన ముచ్చటనే చెప్తుంటివి. నీకు మళ్ల రిహార్సల్ దేనికి?"

నేనెప్పుడు చెప్పాను? తిట్టేవాణ్ణి. తిట్టడం వేరు, ముచ్చట చెప్పడం వేరు. ఆ తేడా ఆమెకు చెప్పేలోపు పిల్లవాడు ఏడ్చాడు, ఫోన్ పెట్టేసింది.

నవంబర్ 9

"మీరిద్దరు బయట మాట్లాడుకునేటోళ్లా సార్?" అని సింధూజ అడిగింది. లేదన్నాను.

అబద్ధమేం కాదు. బయట మాట్లాడుకోలేదు. కారులో మాట్లాడుకున్నాం. ఛానెల్ వాళ్లు పిసినారులు, ఇద్దరికీ కలిపి ఒకటే కారు పంపేవారు. అది హుస్నాబాద్‌లో రాజనర్సును ఎక్కించుకుని, సిద్దిపేటలో నన్ను ఎక్కించుకుని హైదరాబాద్ పోయేది. పోయేటప్పుడు చెరో కిటికీ పట్టుకుని ఎవరి కాగితాలు వాళ్లు తిరగేసుకునేవాళ్లం. స్టూడియోలో గొంతులు పోయేలా అరుచుకునేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు ప్రజ్ఞాపూర్‌లో కారు ఆపి టీ తాగితే, అక్కడి నుంచి ఇక ముచ్చట్లే. ఆయన మోకాళ్లు, నా షుగరు, మా కాలేజీల రాజకీయాలు, చిన్నప్పటి సంగతులు. డ్రైవర్ స్వామి అద్దంలో మమ్మల్ని చూసి "ఇందాక టీవీల కొట్టుకున్నది మీరేనా సార్?" అనేవాడు.

సిద్దిపేట రాగానే నేను దిగిపోయేవాణ్ణి. దిగేటప్పుడు నమస్కారం కూడా పెట్టుకునేవాళ్లం కాదు. ఎవరైనా చూస్తే ఆయనవైపు వాళ్లు ఆయన్ని అనుమానిస్తారు, నావైపు వాళ్లు నన్ను అనుమానిస్తారు.

కరోనా వచ్చాక ఎవరింట్లో వాళ్లను కూర్చోబెట్టి ఫోన్లోనే మాట్లాడించడం మొదలైంది. కారు రావడం ఆగిపోయింది. కొన్నాళ్లకు మమ్మల్ని పిలవడమే ఆగిపోయింది. మా ఇద్దరి మధ్య తగాదా ఏమీ రాలేదు. కారు లేదు, అంతే. నంబర్లు ఉన్నాయి. ఆయన చేస్తాడని నేను చూశాను, నేను చేస్తానని ఆయన చూసి ఉంటాడు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్తే నాటకంలో పెడుతుంది. అందుకే చెప్పలేదు.

నవంబర్ 12

పేపరు జిల్లా పేజీలో నాటకం వార్త పడింది. 'రాజనర్సుగా ఇశ్రాయేలు' అని హెడ్డింగ్, కింద నా ఫొటో. రాజనర్సు టెండరు ప్రకటనలతో సహా పేపరు చదివే మనిషి. ఇవాళ తప్పకుండా ఫోన్ చేస్తాడు. నన్ను అడగకుండా నా వేషం ఎట్లేస్తవ్ అని తిడతాడు. తిట్టనిచ్చి, ఆఖర్న 'అయితే వచ్చి చూడున్రి' అంటాను.

నవంబర్ 13

చేయలేదు.

నవంబర్ 14

చేయలేదు. ఫోన్ సైలెంటులో పడిందేమో అని చూశాను. పడలేదు.

నవంబర్ 16

పప్పు పొయ్యి మీద పెట్టి డైలాగులు చెప్పుకుంటున్నాను. నాగేశ్ లేడు కదా, రెండు వైపులా నేనే మాట్లాడుకున్నాను. మంచి ఊపులో ఉండగా పక్కింటి కిష్టవ్వ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఎవలొచ్చిన్రు సార్, గింత లొల్లి అయితుంది?"

ఎవరూ రాలేదన్నాను. ఆమె తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. "కరుణమ్మ ఎప్పుడొస్తది?" అని మాత్రం అడిగి పోయింది. పప్పు మాడింది.

నవంబర్ 17

ఇవాళ అసలు సీను చేశాం. రాజనర్సు అంటాడు: "ఊరంటే ఇండ్లు గాదు సారూ, భూములు గాదు. పుట్టినోళ్ల బొడ్డు కోసిన జాగ, సచ్చినోళ్లను సాగనంపిన జాగ. ఊరంటే తల్లి. తల్లికి ఎంత ధర కడ్తరు?" ఆ మాట చెప్తూ తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వేషంలో ఉన్నాను కాబట్టి లేచాను.

దానికి నా జవాబు నాగేశ్ చెప్పాడు: "మా వాడ ఊరవతల ఉండె సారూ. మీ తల్లి మమ్ముల ఎన్నడు ఎత్తుకున్నది?" టీవీలో ఆ మాట అన్నరోజు కెమెరా వెనక కుర్రాళ్లు కూడా తలలెత్తి చూశారు. కానీ రాజనర్సు ఊరుకునే రకమా? "మరి వాడ గూడ మునుగుతది గద సారూ, పల్లంల ఉన్నది, ముందు మునిగేది అదే" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు యాంకర్ బ్రేక్ అన్నాడు. బ్రేక్ తర్వాత టాపిక్ మారిపోయింది. నాటకానికి ఆ పేరు అందుకే.

"బ్రేక్ రాకపోతె ఏం జెప్పేటోళ్లు సార్?" అని నాగేశ్ అడిగాడు. శానా చెప్పేటోణ్ణి అన్నాను. ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. నా దగ్గర ఏమీ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నవంబర్ 19

రాజనర్సు సారును పిలిచిన్రా అని సింధూజ అడిగింది. పిలిచానన్నాను. వస్తా అన్నడా అంది. చూద్దామన్నడు అన్నాను.

ఇంత అబద్ధం అలవోకగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

నవంబర్ 22

బస్సెక్కి హుస్నాబాద్ పోయాను. మనిషి మీద నాటకం వేస్తూ మనిషిని పిలవకపోతే మర్యాద కాదు కదా.

కూతురు సంధ్య తలుపు తీసింది. హాల్లో రాజనర్సు కుర్చీలో కూర్చుని, ఆపేసి ఉన్న టీవీని చూస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. "నర్సు సారూ" అన్నాను. చాలాసేపు నా ముఖం చూశాడు. "టైమైందా?" అని లేచి లోపలికి పోయాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాగితాల సంచి భుజాన వేసుకుని వచ్చి గడపలో నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది. నాటకం ఇయ్యాల కాదు సారూ, ముప్పై తారీఖు అన్నాను. ఆయన సంధ్య వైపు తిరిగి "బండి యాడ ఆపిన్రు?" అని అడిగాడు.

సంధ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నాయినకు యాది ఉంటలేదు సార్. నన్నే ఒక్కోపారి అక్కా అని పిలుస్తడు. మీ మొఖం చూసేసరికి టీవీ బండి యాదికొచ్చినట్టున్నది."

పేపరులో వార్త చూశారా అని అడిగాను. అప్పుడు కూడా అదే అడిగాను.

"సదివి వినిపిచ్చిన. రాజనర్సు అంటె ఎవలు బిడ్డా అన్నడు."

నాకెందుకు చెప్పలేదన్నాను. నా గొంతు పెరిగింది, పాపం ఆ పిల్ల మీద.

"నాయిననే వద్దన్నడు సార్, ఇంక కొంచెం మంచిగున్నప్పుడు. ఇశ్రాయేలు సారుకు చెప్పకు బిడ్డా, తనే గెల్చిన అనుకుంటడు అన్నడు."

మేము బయటికి వచ్చేసరికి ఆయన గడపలోనే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చివరికి నేనే "ఇయ్యాల డిబేట్ కాన్సిలైంది సారూ" అన్నాను. "గిదేం ఛానెల్!" అని విసుక్కుని సంచి దించాడు. నా పేరు అడగలేదు. నేను చెప్పలేదు.

బస్సులో ఏడ్చాను. ఇది రాయకపోయినా అడిగేవాళ్లు లేరు, కానీ ఏడ్చాను.

నవంబర్ 23

సరే, నేనే గెలిచాను. ఎవరికి చెప్పుకోవాలి?

నవంబర్ 25

సింధూజకు నిజం చెప్పేశాను. రాజనర్సు పరిస్థితి, నేనాడిన అబద్ధం, కారు సంగతి కూడా. ఆయన్ని నాటకానికి తీసుకొస్తానన్నాను. ఆ అమ్మాయి భయపడింది.

"నడుమల లేచి ఏమన్న అంటె ఎట్ల సార్?"

"ఆయన సభా మర్యాద తెలిసిన మనిషమ్మా. ఒకరు మాట్లాడుతుంటే నడుమల మాట్లాడడు" అన్నాను. మా డిబేట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చూసిన అమ్మాయితో ఈ మాటన్నాను. ఈసారి నవ్వింది.

నాకు నాటకం బాగా రావాలని లేదు. జనం చప్పట్లు కొట్టి నన్ను మెచ్చుకోవాలని లేదు. ఒక్కసారి, ఒక్క నిమిషం, ఆయన నన్ను చూసి ఇశ్రాయేలని గుర్తుపట్టాలి. వేదిక మీద లైటు ముఖాన పడితే, టీవీలో పడ్డట్టే పడితే, గుర్తుపడతాడేమో. మూర్ఖపు ఆశ. దానికోసమే పొద్దున లేస్తున్నాను.

నవంబర్ 29

సంధ్య ఒప్పుకుంది. రేపు నేనే కిరాయి కారు మాట్లాడుకుని పోయి వాళ్లను తీసుకురావాలి. కరుణ రాలేనంది, పిల్లవాడికి జలుబు.

డిసెంబర్ 1

నిన్నటిది ఇవాళ పొద్దున కూర్చుని రాస్తున్నాను.

హుస్నాబాద్‌లో కారు ఆగీ ఆగగానే రాజనర్సు ఎవరూ చెప్పకుండా వెనక సీటులో తన వైపుకు ఎక్కి కూర్చున్నాడు. నేను నా వైపు కూర్చున్నాను. సంధ్య ముందు కూర్చుంది. దారంతా ఆయన సంచిలోంచి కాగితాలు తీసి తిరగేశాడు. కరెంటు బిల్లులు, పాత పెళ్లిపత్రికలు. పోయేటప్పుడు మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు కాబట్టి నేనూ మాట్లాడలేదు.

మూడింటికి నాటకం మొదలైంది. కాలేజీ హాలు సగానికి పైగా నిండింది. రాజనర్సును ముందు వరసలో కూర్చోబెట్టాం. నేను ఆయన మాదిరి చొక్కా వేసుకుని, ఆయన మాదిరి సంచి తగిలించుకుని ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. మొదటి రెండు సీన్లు ఆయన కదలకుండా చూశాడు. నన్నే చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

మూడో సీను వచ్చింది. "ఊరంటే తల్లి. తల్లికి ఎంత ధర కడ్తరు?" అన్నాను. నాగేశ్ కళ్లజోడు తీశాడు. అతను నోరు తెరవకముందే కింది నుంచి గొంతు వచ్చింది.

"ఎవలకు తల్లి?"

రాజనర్సు లేచి నిలబడి ఉన్నాడు. నాగేశ్ వైపు చూడట్లేదు, నా వైపు వేలు చూపిస్తున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఈ ముఖం ఏది మాట్లాడితే అది కాదనాలి. అన్నీ పోయినా ఆ ఒక్క అలవాటు ఆయనలో మిగిలింది. అది తన మాటేనని ఆయనకు తెలియదు.

"ఎవలకు తల్లి? వాడోళ్లకా? వాడోళ్ల అవ్వ కుండ పట్టుకొని బాయి కాడ పొద్దుమూకి దాక నిలబడేది, ఎవలన్న చేదిపోస్తరేమో అని. ఎండకు కుండ కాలేది గని నీళ్లు పడేటియి గావు. గా తల్లి ముచ్చట నాకు జెప్పకు!"

జనం ఇదీ నాటకంలో భాగమే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పట్లు ఎక్కడో దూరంగా వినబడ్డాయి.

ఆ అవ్వ మా అవ్వ, నా కన్నతల్లి. ఆ సంగతి నేను టీవీలో ఎన్నడూ చెప్పలేదు, తరగతి గదిలో చెప్పలేదు, కరుణకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఒకసారి వాన పడుతుంటే కారులో రాజనర్సుకు చెప్పాను. ఆయన ఊ కూడా కొట్టలేదు. నిద్రపోయాడనుకున్నాను.

సంధ్య ఆయన చెయ్యి పట్టి లాగుతోంది. పక్కన తెర చాటు నుంచి సింధూజ నాకు ఏదో సైగ చేస్తోంది. నాగేశ్ కళ్లజోడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు వచ్చిన మాట ఒక్కటే, స్క్రిప్టులో ఉన్న మాట, ఆయన మాట. ఆయనకే చెప్పాను.

"మరి వాడ గూడ మునుగుతది గద సారూ. పల్లంల ఉన్నది, ముందు మునిగేది అదే."

చెప్పాక భయమేసింది. నా నోరు మూయించిన మాట అది. ఆయన నోరూ మూతపడితే అందరి ముందు ఆయన్ని నేనే అవమానించినట్టవుతుంది. ఇక్కడ యాంకర్ గొంతు స్పీకర్లో బ్రేక్ అనాలి. అది వేసే మనిషి కూడా మరిచిపోయి చూస్తున్నట్టున్నాడు, రాలేదు.

రాజనర్సు వేలు దించాడు.

"మునుగుతది. గా సంగతి నాకు తెల్వదా?" అన్నాడు, ఈసారి అరవకుండా. "మళ్ల మునిగినోళ్లకు కొత్తగ కట్టే ఊర్లెనన్న వాడను నడుమల పెడ్తరా? గది అడుగుతున్న నేను. గది అడిగితె ఒక్కడు జవాబు చెప్తలేడు."

 తర్వాత వెనక వరసల్లో ఎవరో లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు. ఆయన మామూలుగా కూర్చుని, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నేను ఇన్నేళ్లు వెతికినా దొరకని జవాబు అది. నా వైపు నుంచి చెప్పాల్సిన జవాబు. ఆరోజు నన్ను ఓడించి, ఇంటికి పోయి, నా తరఫున కూర్చుని ఆలోచించాడన్నమాట. నేను సిద్దిపేటలో దిగిపోయాక హుస్నాబాద్ దాకా ఒక్కడే పోయే దారిలో ఆలోచించాడేమో. ఒక్క ఫోన్ చేసి ఉంటే చెప్పేవాడు. నేను చేయలేదు.  మిగతా నాటకం ఎలా పూర్తయిందో నాకు గుర్తులేదు.

అయిపోయాక అందరూ రాజనర్సుతో ఫొటోలు దిగారు. "గీ పెద్దాయన ఇరగదీసిండు" అని ఎవరో సింధూజతో అన్నారు. ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్వుతోంది.

తిరిగి కారులో మళ్లీ అలాగే కూర్చున్నాం. ఊరు దాటాక ఆయన కాగితాలు సంచిలో పెట్టేసి నా వైపు తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడే కదా మేము మాట్లాడుకునేది. 

"మంచిగ మాట్లాడిన్రు మీరు. మీదేవూరు?" అన్నాడు.

"మిరుదొడ్డి దిక్కు సారూ."

"ఇశ్రాయేలు సారుది గూడ గా దిక్కే. ఇయ్యాల ఆయన రాలే. ఆయన ఉంటె మాట్లాడబుద్ధి అయితది. మంచిగ కొట్లాడుతడు." సంచి ఒళ్లోకి లాక్కున్నాడు. "ఆయనకు ఒక మాట జెప్పాలని శానా దినాల సంది అనుకుంటున్న. ఇయ్యాల చెప్పిన గని, ఆయన లేకపాయె."

నేనే ఇశ్రాయేలును అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. ముందు సీట్లో సంధ్య కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నేను చెప్పలేకపోయాను.

"ఆయన మీకు ఎన్నడన్న కలుస్తడా?" అని అడిగాడు.

"రోజు కలుస్తడు సారూ."

"ఎట్లున్నడు? ఒక్కడే ఉంటడా?"

"ఒక్కడే ఉంటడు."

"మరి నా దగ్గరికి రమ్మనున్రి" అన్నాడు. "నేను గూడ ఒక్కన్నే ఉంటున్న."